చెల్లికి విదేశీ స్వచ్ఛంద సంస్థలో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. వాళ్ళ దగ్గర నిజంగా డబ్బుందో లేదో ఎట్లా కనుక్కోవాలి?

కరకంబాడి_రమణ
అందరికీ నమస్కారం. దీన్ని ఉద్యోగాల విభాగంలో పెట్టాలో డబ్బు విషయాల్లో పెట్టాలో తెలియక ఇక్కడ పెడుతున్నా. తప్పైతే అడ్మిన్ అన్న మార్చేయొచ్చు.

మా చెల్లెలు బీకాం చేసి, సీఏ ఇంటర్ ఒక గ్రూపు గట్టెక్కి, తిరుపతిలోనే ఒక ఆడిటర్ దగ్గర మూడేళ్ళు పనిచేసింది. ఇప్పుడు చేతిలో రెండు ఆఫర్లు ఉన్నాయి. ఒకటి శ్రీసిటీలో ఫ్యాక్టరీ అకౌంట్స్. రోజూ తెల్లారకముందే కంపెనీ బస్సెక్కాలి. రెండోది ఒక విదేశీ అభివృద్ధి సంస్థ. తిరుపతిలో వాళ్ళకు చిన్న ప్రాజెక్టు ఆఫీసుంది. చెరువులు, పిల్లల పోషణ, ఆడవాళ్ళ సంఘాలు, ఇట్లాంటి పనులు. జీతం శ్రీసిటీ కంటే నాలుగు వేలు ఎక్కువ. దాని మనసంతా రెండోదాని మీదే.

మా నాయనది ఒకటే ప్రశ్న: "ఆ జీతం వాళ్ళు ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తారు? రేపు రాకపోతే ఎవర్ని అడగాల?"

సరే కదా అని వాళ్ళ వార్షిక నివేదిక దించుకున్నా. అరవై పేజీలు. యాభై పేజీల్లో పిల్లలు నవ్వుతా ఉన్నారు. మిగతా పదీ లెక్కలు. పైన మొత్తం ఆదాయం వందల కోట్లని ఉంది, కింద ఈ ఏడాది లోటు అని ఉంది. వందల కోట్లు వచ్చేవాళ్ళకు లోటేంది? మునిగిపోయే పడవా ఇది? తెలిసినవాళ్ళు చెప్పండి. సంస్థ పేరు చెప్పను, ఆఫర్ చేతిలో ఉంది కాబట్టి.

బైరాగిపట్టెడ_బాబాయ్
రమణా, ఇవన్నీ ఏసీ కార్ల సంస్థలు. ఊర్లో బీదోడి ఫోటో తీసి దొరల దేశంలో చూపించి తెచ్చుకుంటారు. సగం జీతాలకు, సగం మీటింగులకు. శ్రీసిటీకి పంపించు, పీఎఫ్ అయినా పడతాది.

తిరుచానూరు_అక్క
బాబాయ్ గారూ, పీఎఫ్ ఇక్కడా పడుతుంది. పన్నెండేళ్ళు ఇట్లాంటి సంస్థల్లోనే పనిచేశాను. నేను ఎక్కింది ఆర్టీసీ బస్సులే. ఏసీ కారు కలలో కూడా రాలేదు.

బైరాగిపట్టెడ_బాబాయ్
సారీ అమ్మా. నీ గురించి కాదులే.

గ్రీమ్స్‌పేట_ఆడిటర్
రమణ గారూ, మీరు చూసిన మొదటి అంకె, చివరి అంకె రెండూ మీ ప్రశ్నకు జవాబు ఇవ్వవు. చిత్తూరులో ముప్పై ఏళ్ళుగా ట్రస్టులు, సొసైటీలకు ఆడిట్ చేస్తున్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

కొండ మీది లెక్క మనందరికీ తెలిసిందే. అన్నప్రసాదం ట్రస్టుకు ఇచ్చింది అన్నానికి, ప్రాణదానానికి ఇచ్చింది వైద్యానికి, గోసంరక్షణకు ఇచ్చింది ఆవులకు. ఆవుల ఖాతాలో డబ్బు మూలుగుతోంది కదా అని అన్నం ఖాతాకు తిప్పుకోకూడదు. దాత ఏ పనికి ఇచ్చాడో ఆ పనికే వాడాలి. ఇలాంటి సంస్థల డబ్బు కూడా ఇంతే. వాళ్ళకొచ్చే వందల కోట్లలో ఎక్కువ భాగం ఏదో ఒక దాత, ఏదో ఒక దేశంలో, ఏదో ఒక పనికి కట్టేసి ఇచ్చింది. ఆఫ్రికాలో నీళ్ళ పనికని ఒక ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో తిరుపతి ఆఫీసు అద్దె కట్టలేరు.

కట్టుబాటు లేని డబ్బు వేరే ఉంటుంది. నెలనెలా మామూలు జనం పంపే చందాలు, వీలునామాల్లో రాసిచ్చినవి, దుకాణాల మీద వచ్చేవి. సంస్థ ఊపిరి దాంట్లో ఉంటుంది. లెక్కల్లో రెండింటినీ వేర్వేరు గడుల్లో చూపిస్తారు. మీరు చూడాల్సింది రెండో గడి. ఏడాది చివర దాంట్లో ఎంత మిగిలింది, అందులోంచి భవనాలు, వాహనాల విలువ తీసేస్తే ఎంత నిలుస్తుంది. ఆ నిలిచినదాన్ని నెల ఖర్చుతో భాగించండి. కొత్తగా పైసా రాకపోయినా ఎన్ని నెలలు తలుపులు తీసి ఉంచగలరో తెలుస్తుంది.

ఇక లోటు సంగతి. విదేశాల్లో, ముఖ్యంగా ఇంగ్లండులో, మూడేళ్ళ ప్రాజెక్టుకు డబ్బు మొదటి ఏడే చేతికొస్తే చాలాసార్లు అంతా ఆ ఏడాది ఆదాయంగానే రాస్తారు. ఆ ఏడు పెద్ద మిగులు. తర్వాత రెండేళ్ళూ ఖర్చే కాబట్టి లోటు. మామిడి రైతు జూన్‌లో మండీ నుంచి ఒక్కసారి డబ్బు తెచ్చుకుని మిగతా పదకొండు నెలలు దాంట్లోంచే తింటాడు చూడండి, అలాంటిది. లోటని భయపడొద్దు, మిగులని మురిసిపోవద్దు. కట్టుబాటు లేని గడిలోనే వరసగా మూడేళ్ళు లోటు ఉంటే మాత్రం ఆలోచించండి.

కరకంబాడి_రమణ
సార్, ఆవులు, అన్నం అనేసరికి నాయనకు కూడా అర్థమైంది. ఆ గడి చూశా. కిందటేడు కంటే తగ్గింది గానీ సున్నా అయితే కాలేదు. భవనాలు తీసేస్తే ఎంతో చెల్లెలు లెక్కేస్తా ఉంది.

లండన్‌లో_పుంగనూరోడు
అన్నా, వాళ్ళ మాతృసంస్థ ఇంగ్లండుదైతే ఇంకో దారి ఉంది. ఇక్కడి ఛారిటీ కమిషన్ వెబ్‌సైటులో సంస్థ పేరు కొడితే ఐదేళ్ళ ఆదాయం, ఖర్చు బొమ్మలాగా పక్కపక్కన చూపిస్తుంది. నివేదిక మొత్తం ఉచితంగా దించుకోవచ్చు. అందులో రిజర్వుల పాలసీ అని ఒక భాగం ఉంటుంది, అది వెతుకు. మేం ఇంత దాచిపెట్టుకోవాలనుకున్నాం, ఇంత ఉంది, ఎందుకు తక్కువైంది అని ట్రస్టీలే రాయాలి.

ఇక్కడి వాతావరణం మాత్రం బాగాలేదు. ఈ దేశం తన జాతీయ ఆదాయంలో 0.7 శాతం విదేశీ సాయానికి ఇవ్వాలని 2015లో చట్టమే చేసుకుంది. 2021లో దాన్ని 0.5కి దించారు. 2025 ఫిబ్రవరిలో, 2027 నాటికి 0.3కి తెస్తామన్నారు, మిగిలేది రక్షణ ఖర్చుకట. ప్రభుత్వ గ్రాంట్ల మీద బతికే సంస్థలు చాలా మనుషుల్ని తగ్గించుకుంటున్నాయి.

మా వీధి చివర ఒక ఛారిటీ దుకాణం ఉంది. పాత కోట్లు, పింగాణీ కప్పులు, పుస్తకాలు అమ్ముతారు. కౌంటర్లో కూర్చునే ముసలామె జీతం తీసుకోదు. మొదట్లో నాకు నవ్వొచ్చింది, ఈ చిల్లరతో ఏం చేస్తారని. ఆడిటర్ సార్ చెప్పింది చదివాక అర్థమైంది, ఆ చిల్లరే కట్టుబాటు లేని డబ్బు. దానికి తోడు ఇక్కడ పన్ను కట్టేవాడు 100 పౌండ్లు చందా ఇస్తే గిఫ్ట్ ఎయిడ్ కింద ప్రభుత్వం ఇంకో 25 కలిపి సంస్థకు ఇస్తుంది.

శ్రీకాళహస్తి_టీచరు
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక అబ్బాయి ట్యాబ్ చేతిలో పెట్టుకుని నిలబెడితే నెలకు 500 చొప్పున బ్యాంకు నుంచి కోతకు సంతకం పెట్టాను. ఐదేళ్ళయింది. ఆ డబ్బు ఏ గడిలోకి వెళ్తుంది?

తిరుచానూరు_అక్క
టీచర్ గారూ, ఏ ప్రాజెక్టుకో చెప్పకుండా ఇచ్చారు కదా, చాలావరకు కట్టుబాటు లేని గడిలోకే వెళ్తుంది. కాకపోతే మొదటి కొన్ని నెలలు మీరు కట్టింది ఆ అబ్బాయి జీతానికి, వాడిని పెట్టిన ఏజెన్సీకి సరిపోతుంది. చాలామంది ఏడాది తిరక్కముందే ఆపేస్తారు, అప్పుడు సంస్థకు నష్టమే. మీరు ఐదేళ్ళు కట్టారంటే వాళ్ళ దృష్టిలో బంగారం లాంటి దాత.

శ్రీకాళహస్తి_టీచరు
బంగారమా! మరి నా రసీదు మార్చిలో అడిగితే జూన్‌లో పంపారే. పైగా నేను కొత్త పన్ను విధానంలోకి మారాక, చందాలకు ఇచ్చే 80జీ పన్ను మినహాయింపే లేదు.

గ్రీమ్స్‌పేట_ఆడిటర్
అవును, కొత్త విధానంలో 80జీ లేదు. పన్ను కోసం ఇచ్చేవాళ్ళు మెల్లగా తగ్గుతారు. ఈ దెబ్బ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. రసీదు విషయంలో మాత్రం వాళ్ళకు మే 31 దాకా గడువుంటుంది. దాన్ని 10బీఈ పత్రం అంటారు. జూన్ అంటే వాళ్ళదే ఆలస్యం.

బైరాగిపట్టెడ_బాబాయ్
నేను ముందే చెప్పలా, మొదటి నెలలు ఏజెన్సీకని ఆయమ్మే ఒప్పుకునింది. దొంగల ముఠా.

అడ్మిన్
బాబాయ్ గారూ, ఆ మాట వద్దు. అందరికీ ఒక మనవి: సొంత అనుభవం చెప్పేటప్పుడు సంస్థల పేర్లు రాయకండి. పత్రికల్లో వచ్చిన విషయాలైతే పర్వాలేదు. మధ్యలో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్ళకు తెలుసు.

కుప్పం_కాఫీ
రమణన్నా, లెక్కలు పెద్దోళ్ళు చెప్తా ఉన్నారు. కింద పనిచేసినోడిగా నాది విను.

మాది రామకుప్పం దగ్గర చిన్న సొసైటీ. పదకొండు మందిమి. మాకు నేరుగా విదేశాల నుంచి వచ్చేది లేదు. పెద్ద సంస్థకు వచ్చేది, వాళ్ళు మాకు పంచేవాళ్ళు. వాళ్ళకు ఊర్లు తెలియవు, మాకు దాతలు తెలియరు, అట్లా జోడీ కుదిరింది. 2020 సెప్టెంబర్లో విదేశీ చందాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, సవరించారు. విదేశాల నుంచి వచ్చిన డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదు అన్నారు. మాకూ ఎఫ్‌సీఆర్‌ఏ నంబరు ఉండేది, అయినా పనికిరాలేదు. కరోనా టైంలో ఇంటింటికీ బియ్యం మోస్తా ఉన్న రోజులు అవి. జనవరిలో ఉత్తరం వచ్చింది, మార్చితో ఆఖరని.

ఆ పెద్ద సంస్థ దగ్గర డబ్బు లేక కాదన్నా. ఉంది. మా దాకా వచ్చే దారే మూసుకుపోయింది. మా సెక్రటరీ గారు పాపం, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో కొత్త ఖాతా తెరవాలని కాగితాలు మోసుకుని తిరిగినాడు. దేశంలో ఎవరికి విదేశీ చందా వచ్చినా మొదట ఆ ఒక్క బ్రాంచిలోనే పడాలి కదా. ఖాతా అయితే తెరిచినాడు. అందులో వేసేవాళ్ళే లేరు.

నేను నేర్చుకున్న గుర్తులు చెప్తా. జీతం ఒకటో తేదీ నుంచి ఏడుకి, ఏడు నుంచి పదిహేనుకి జరుగుతుంది. పెట్రోలు బిల్లులు రెండు నెలలు నిలబడతాయి. మానేసినోడి కుర్చీ ఖాళీగానే ఉంటుంది, వాడి పని నీకు వస్తుంది. మీటింగులో భోజనం పోయి టీ బిస్కెట్ వస్తుంది. ఇవి కనిపించినాయంటే ఏ నివేదికా చదవాల్సిన పని లేదు. మీ చెల్లెల్ని ఆ ఆఫీసు డ్రైవర్‌ని గానీ, అటెండర్‌ని గానీ ఒక టీ తాగించి అడగమను.

ఇప్పుడు నేను పాల డెయిరీలో సూపర్‌వైజర్ని. పదో తేదీకల్లా జీతం. రాత్రి నిద్ర పడతా ఉంది.

కరకంబాడి_రమణ
బిస్కెట్ మాట చదివి చెల్లెలు నవ్వింది గానీ ముఖం మాత్రం మారింది అన్నా.

తిరుచానూరు_అక్క
కుప్పం తమ్ముడు చెప్పింది చదివితే పాతవన్నీ గుర్తొచ్చాయి. నేను ఇటువైపు నుంచే కాదు, అటువైపు నుంచి కూడా చూశాను.

మాది పాకాల దగ్గర పల్లె. నాకు ఏడేళ్ళప్పుడు బడి అరుగు మీద నిలబెట్టి ఫోటో తీశారు. వెనక ఒక నంబరు. ఏడాదికి రెండుసార్లు మాస్టారు ఉత్తరం రాయించేవారు: నేను బాగున్నాను, మా మేక ఈనింది, వర్షాలు పడలేదు. అవతలి నుంచి ఒక పెద్దావిడ మంచు బొమ్మల కార్డులు పంపేది. ఆమె పంపే డబ్బంతా మా ఇంటికే వస్తుందని మా అమ్మ నమ్మకం, రావడం లేదని ఊళ్ళో గొడవ కూడా. నిజానికి అందరి డబ్బూ కలిపి ఊరికి బోరు వేశారు, రాత్రి బడి పెట్టారు. నేను ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

ఈ పద్ధతి పాతది. యాక్షన్ ఎయిడ్ 1972లో మొదలైందే ఇలా. మన దేశంలో, కెన్యాలో కలిపి 88 మంది పిల్లలు, ఇంగ్లండులో 88 మంది దాతలు. ప్లాన్ అనే సంస్థ అంతకంటే ముందు, 1937లో స్పెయిన్ యుద్ధంలో అనాథలైన పిల్లల కోసం ఇలాగే మొదలైంది. బిడ్డ ఫోటో చూపించి అడగడం మర్యాదేనా అని ఇప్పుడు మా రంగంలోనే పెద్ద చర్చ, నాకూ ఆ ఫోటో తలచుకుంటే ఇబ్బందే. కానీ డబ్బు లెక్కన చూస్తే అంత నమ్మకమైనది ఇంకోటి లేదు. ఆ పెద్దావిడ పదకొండేళ్ళు ఒక్క నెల తప్పలేదు. ప్రభుత్వ గ్రాంటు అలా రాదు. ఎన్నికల్లో ఒక పార్టీ పోయి ఇంకోటి వస్తే ఆగిపోతుంది.

లండన్‌లో_పుంగనూరోడు
అక్క చెప్పినదానికి తాజా ఉదాహరణ అమెరికానే. 2025 జనవరి 20న కొత్త అధ్యక్షుడు సంతకం పెట్టాడు, విదేశీ సాయం 90 రోజులు ఆపమని. మార్చిలో వాళ్ళ ప్రభుత్వ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దు చేశామని వాళ్ళ విదేశాంగ మంత్రే ప్రకటించాడు. జూలై 1 నుంచి ఆ సంస్థే లేదు, మిగిలింది విదేశాంగ శాఖలో కలిపేశారు. క్యాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ అని పెద్ద సంస్థ, బడ్జెట్‌లో దాదాపు సగం అక్కడి నుంచే. వాళ్ళకు కాళ్ళ కింద భూమి కదిలినట్టయింది. అందుకే అడుగు రమణా, వాళ్ళకు అన్నిటికంటే పెద్ద దాత ఎవరు, మొత్తంలో ఎంత వంతు?

మాటపోతే డబ్బు ఎట్లా పోతుందో కూడా ఇక్కడే చూశాను. 2018 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫామ్ అనే పెద్ద సాయం సంస్థ మీద హైతీ కుంభకోణం బయటపడింది, భూకంపం తర్వాత అక్కడ పనిచేసిన కొందరు సిబ్బంది చేసిన పాడుపని. పది రోజుల్లో 7 వేల మంది నెలనెలా ఇచ్చేవాళ్ళు ఆపేశారు. ప్రభుత్వ గ్రాంట్లకు దరఖాస్తు పెట్టుకోవడం కొన్నాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మానుకోవాల్సి వచ్చింది. ఆ వేసవిలో 1.6 కోట్ల పౌండ్ల కోత. చేసింది గుప్పెడు మంది. ఉద్యోగాలు పోయింది ఏ సంబంధం లేనివాళ్ళవి.

ఇంకోటి, రూపాయి మారకం. 2016 జూన్‌లో బ్రెగ్జిట్ ఓటుకు ముందు పౌండు సుమారు 100 రూపాయలు. అక్టోబరుకు 81, 82. పౌండ్లలో బడ్జెట్ రాసుకున్న ప్రాజెక్టుకు మన ఊర్లో ఒక్క పని మారకుండానే అంత డబ్బు ఎగిరిపోయింది.

బైరాగిపట్టెడ_బాబాయ్
మన స్వామికే ఈ తిప్పలు తప్పలేదులే. హుండీలో పడిన విదేశీ నోట్లు బ్యాంకు దగ్గర కుప్పబడినాయని, ఈ ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గొడవతో టీటీడీ మీద కోట్లలో జరిమానా వేసినారని 2023లో పేపర్లో చదివినా. వెంకన్నకే కాగితం కావాలంటే మామూలోళ్ళ సంగతేంది.

కుప్పం_కాఫీ
మొదటిసారి బాబాయ్‌తో ఏకీభవిస్తా ఉన్నా :)

గ్రీమ్స్‌పేట_ఆడిటర్
బాబాయ్ గారు సరదాగా అన్నా అసలు విషయం అదే. మన దేశంలో పనిచేసే సంస్థకు విదేశంలో ఎంత డబ్బున్నా ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేకపోతే ఇక్కడ అది లేనట్టే. ఐదేళ్ళకోసారి రెన్యువల్. ఆక్స్‌ఫామ్ ఇండియాకు 2021 డిసెంబరులో రెన్యువల్ నిరాకరించారు. వరల్డ్ విజన్ ఇండియాకు 2024 జనవరిలో రద్దయింది. మన పక్క జిల్లా సంగతి అందరికీ తెలుసు. అనంతపురంలో ఫాదర్ ఫెర్రర్ గారు 1969లో మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ. దానికి రెన్యువల్ ఇవ్వాలని 2025లో జనం రోడ్ల మీదికొచ్చారు. ఇళ్ళు, బళ్ళు, బత్తలపల్లి ఆసుపత్రి, అన్నీ ఆ ఒక్క కాగితంతో ముడిపడినవే. ఎవరి తప్పెంత అనేది ఇక్కడ వద్దు, చర్చ దారి తప్పుతుంది. ఉద్యోగంలో చేరేవాళ్ళు అడగాల్సింది ఒకటే: రిజిస్ట్రేషన్ గడువు ఏ తేదీతో ముగుస్తుంది, రెన్యువల్ దరఖాస్తు పెట్టారా?

ఇదివరకు ప్రభుత్వ ఎఫ్‌సీఆర్‌ఏ వెబ్‌సైటులో ఎవరి వార్షిక లెక్కలైనా చూసుకునే వీలుండేది. 2022 జూలైలో ఆ వివరాలు తీసేశారు. సంస్థ సొంత వెబ్‌సైటులో వెతకండి. పెట్టకపోతే అదీ ఒక సమాధానమే.

చెల్లెలు_నేనే
అందరికీ నమస్తే. అన్నయ్య నా గురించి ఇన్ని పోస్టులు పెట్టాడని ఇందాకే తెలిసింది, అందుకే ఖాతా తెరిచాను. సోమవారం వాళ్ళ ఆఫీసుకు వెళ్ళి మాట్లాడాలి.

ఆడిటర్ సార్, లెక్క వేశాను. మాతృసంస్థకు భవనాలు తీసేస్తే దాదాపు ఐదు నెలల ఖర్చు నిలుస్తుంది. భారత విభాగానికి మాత్రం ఒకటిన్నర నెల కూడా లేదు. ఎందుకింత తేడా? ఇక్కడివాళ్ళు దుబారా చేస్తున్నారా?

గ్రీమ్స్‌పేట_ఆడిటర్
లేదమ్మా. ఇది మన చట్టం వల్ల చాలావరకు. పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు ఏడాది ఆదాయంలో 85 శాతం ఖర్చు పెట్టాలి. దాచుకోవాలంటే ఫలానా పనికని ముందే ఫారం 10 పెట్టి ఐదేళ్ళలోపు వాడాలి. మిగతా 15 శాతమే వాళ్ళ ఇష్టం. విదేశీ ప్రాజెక్టు డబ్బయితే దాత చివర్లో మిగిలింది వెనక్కి అడుగుతాడు. కాబట్టి మన దేశంలో మంచి సంస్థలకు కూడా కడుపులో పెద్దగా ఉండదు. ఐదు నెలలకు ఒకటిన్నరని పోల్చొద్దు. ఆ ఐదు నెలల్లోంచి కష్టకాలంలో ఇటు పంపుతారా, పంపడానికి రిజిస్ట్రేషన్ ఉందా, అది చూడాలి.

ఇంకో సంగతి. నీకు సూటిగా చెప్పాలి, ఏమనుకోకు. 2020 సవరణ పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించింది. పొలంలో, బడిలో, ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళ జీతం ప్రాజెక్టు ఖర్చులో రాస్తారు. ఆఫీసు నడపడం, లెక్కలు రాయడం మాత్రం నియమాల ప్రకారం పరిపాలన ఖర్చే. అంటే నీ కుర్చీ ఆ 20 శాతంలో ఉంటుంది. ప్రాజెక్టులు బాగున్నప్పుడు కూడా నీ జీతానికి చోటు ఇరుకు. ప్రాజెక్టు ఒకటి మూతపడితే ఆ 20 శాతం కూడా దానితోపాటే కుంచించుకుపోతుంది.

చెల్లెలు_నేనే
ఇది నాకు తట్టనే లేదు సార్. మూడేళ్ళు ఇవే ఫైళ్ళు తిరగేశాను, నా జీతం ఏ పద్దులో పడుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

తిరుచానూరు_అక్క
ఎవరూ ఆలోచించరమ్మా. నేను ఐదేళ్ళ తర్వాత అడిగాను, అదీ ఉద్యోగం పోయేముందు. సోమవారం వాళ్ళను కలుస్తావు కదా. భయపడకుండా అడుగు: నా జీతం ఏ దాత డబ్బులోంచి వస్తుంది, ఆ ఒప్పందం ఏ నెలతో అయిపోతుంది, ఆ తర్వాత ఏంటి. మంచి ఫైనాన్స్ మేనేజరైతే సంతోషిస్తారు. ముఖం ముడుచుకుంటే నువ్వే ముడుచుకుని వచ్చేయ్.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు ఎంతుందో కూడా అడుగు. లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టాలన్న నియమం 2014 నుంచి ఉంది కాబట్టి విదేశీ డబ్బు తగ్గినవాళ్ళంతా ఇప్పుడు కంపెనీల చుట్టూ తిరుగుతున్నారు. మన దగ్గర శ్రీసిటీ ఉంది, ఫ్యాక్టరీలున్నాయి. కానీ కంపెనీవాళ్ళు తమ గేటు చుట్టూ ఉన్న ఊర్లకే ఇస్తారు, ఏడాదికే ఇస్తారు, ఆఫీసు ఖర్చంటే మొహం తిప్పుకుంటారు. బోర్డు మీద పేరు పెద్దదిగా ఉండాలి. పది ఊర్ల అవతల చెరువు పూడిక తీయడానికి ఎవరిస్తారు.

లండన్‌లో_పుంగనూరోడు
బంగ్లాదేశ్ బ్రాక్ లాగా చేయలేరా? వాళ్ళది 1972లో మొదలైన సంస్థ. బట్టల దుకాణాలు, పాల వ్యాపారం, బ్యాంకు అన్నీ పెట్టుకుని సొంతంగా సంపాదిస్తారు.

గ్రీమ్స్‌పేట_ఆడిటర్
ఇక్కడ ట్రస్టు వ్యాపారం చేస్తే పన్ను చిక్కులు వేరే. సాధారణ ప్రజోపయోగం కింద నమోదైనవాళ్ళకు వ్యాపార రాబడి మొత్తంలో 20 శాతం దాటకూడదు. వేరే కంపెనీ పెట్టుకుని నడిపేవాళ్ళున్నారు. అది ఇంకో పోస్టు, ఇంకో రోజు.

శ్రీకాళహస్తి_టీచరు
నా 500 కొనసాగించాలా వద్దా ఎవరూ చెప్పలేదు.

తిరుచానూరు_అక్క
కొనసాగించండి టీచర్ గారూ. రసీదు మాత్రం గట్టిగా అడగండి.

కరకంబాడి_రమణ
సోమవారం వెళ్ళొచ్చింది. రాత్రి పొద్దుపోయింది, వివరంగా అదే రాస్తుంది. నాయన ఇంకా పడుకోలేదు, ఆయనకు నేను అన్నీ చదివి వినిపిస్తా ఉన్నా.

చెల్లెలు_నేనే
అక్కా, సార్, మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళాను. ఫైనాన్స్ మేనేజర్ మేడం ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని చదివారు. నా గుండె ఆగినంత పనైంది. "ఇప్పటిదాకా ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళలో ఇవి అడిగింది నువ్వే" అని, ఒక్కోదానికి పక్కన పెన్నుతో జవాబు రాసి ఇచ్చారు.

నా జీతం ఇద్దరు దాతలది. అరవై శాతం ఒకరు, నలభై ఒకరు. మొదటివాళ్ళ ఒప్పందం ఇంకా ఇరవై ఆరు నెలలు. రెండోది వచ్చే మార్చితో అయిపోతుంది, పొడిగింపు మాట్లాడుతున్నారు, ఖాయం కాదు. అది రాకపోతే నన్ను తీసేయరు, నాకు వారానికి మూడు రోజుల పని, మూడు రోజుల జీతం అవుతుందట. ఈ మాట ఆఫర్ లెటర్లో లేదు. రాసివ్వమంటే రాసిస్తామన్నారు. అమెరికా ప్రభుత్వ డబ్బు వాళ్ళకు మొదటి నుంచీ లేదు. రిజిస్ట్రేషన్ గడువు ఇంకా రెండేళ్ళకు పైగా ఉంది. భారత విభాగం నిలవ డబ్బు ఒకటిన్నర నెల అని నేనన్నాను కదా, అది మార్చి లెక్కట. ఇప్పుడు నాలుగు నెలలకు తెచ్చారట, కాగితం చూపించారు, నేను కూడి చూసుకున్నాను, సరిపోయింది.

కుప్పం అన్నా, బయటికి వస్తూ డ్రైవర్ అన్నను అడిగాను. జీతం ముప్పయ్యో తేదీనే పడుతుందట. మీటింగులో ఇంకా భోజనమే.

శ్రీసిటీవాళ్ళకు ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. మిగిలిన గ్రూపు పరీక్షలు రాస్తూనే ఉంటాను. ఏదైనా తేడా వస్తే అది చేతిలో ఉంటుంది.

కుప్పం_కాఫీ
భోజనంలో కూర ఏందో కూడా కనుక్కోవాల్సింది చెల్లెమ్మా. కోడిగుడ్డు తీసేసినారంటే జాగ్రత్త పడు.

కరకంబాడి_రమణ
మూడు రోజుల జీతం మాట రాసిచ్చిన ఉత్తరం చేతికొచ్చాకే చేరాలని నాయన షరతు. అది బుధవారం వస్తుందన్నారు. అందరికీ చేతులెత్తి దండం. నాలుగు నెలల డబ్బు నిలవుంది అంటే ఆయన "అంతేనా?" అన్నాడు గానీ పెద్దగా ఏమీ అనలేదు.

బైరాగిపట్టెడ_బాబాయ్
నాలుగు నెలలా! మా ఇంట్లో ఉన్నదానికంటే మూడున్నర నెలలు ఎక్కువేనబ్బా. చేర్పించు రమణా.